తక్కువ బడ్జెట్ స్లాషర్: బలం ఎక్కడ, గుట్టు రట్టయ్యేది ఎక్కడ

మీరు రాసిన వివరాలు ఇవి: చెన్నైలో ఉంటున్న నలుగురు తెలుగు మిత్రులు, చేతిలో 20 లక్షలు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద సముద్రం పక్కన ఒక పాత బంగళా, ఏడుగురు నటులు, ముసుగు వేసుకున్న ఒక హంతకుడు, ఐదు హత్యలు, 80 నిమిషాల సినిమా, 15 రాత్రుల షెడ్యూలు. ఈ సరంజామాతో తీసే స్లాషర్‌కి, అంటే ఒక హంతకుడు ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే సినిమాకి, బలమేమిటి, బలహీనతేమిటి అని అడిగారు. రెండూ ఒకే చోట ఉంటాయి. డబ్బు లేక మీరు దేన్ని దాస్తారో అదే జనాన్ని భయపెడుతుంది. దేన్ని చవగ్గా చూపించబోతారో అక్కడ దొరికిపోతారు. మీ ఖర్చుల పట్టీలో నెత్తురుకీ మేకప్‌కీ కలిపి 3 లక్షలు, సౌండుకి 60 వేలు రాశారు. ముందు ఆ రెండంకెలూ తారుమారు చెయ్యండి, తర్వాత మిగతా సంగతులు.

స్లాషర్‌కి స్టార్ అక్కర్లేదు, ముసుగే స్టార్. ఒక ఇల్లు, ఒక రాత్రి, చేతిలో పట్టుకునే ఒక ఆయుధం చాలు. 1978లో వచ్చిన హాలోవీన్‌ని జాన్ కార్పెంటర్ సుమారు 3 లక్షల డాలర్లతో, దాదాపు 20 రోజుల్లో తీశాడు. అందులో ముసుగు బజారులో కొన్న కెప్టెన్ కిర్క్ బొమ్మ ముఖమే. కంటి కన్నాలు పెద్దవి చేసి తెల్ల రంగు కొట్టారు, అంతే. కథ ఇల్లినాయిస్‌లో ఆకురాలే కాలంలో జరుగుతుంది, తీసింది కాలిఫోర్నియా వసంతంలో. అందుకని ఆకులకు రంగు వేసి చల్లి, షాటు అయ్యాక ఏరుకుని మళ్ళీ వాడుకున్నారు. నెత్తురు దాదాపు కనబడదు. వాళ్ళు పీనాసితనం చెయ్యనిది కెమెరా దగ్గర: వెడల్పాటి ఫ్రేము, అందులో మనిషి పక్కన ఖాళీ. ఆ ఖాళీలో ఎవరైనా నిలబడి ఉన్నారా అని చూసేవాడు వెతుక్కోవడంలోనే సగం పని అయిపోతుంది.

అదే ఏడాది తమిళంలో భారతీరాజా తీసిన సిగప్పు రోజాక్కళ్‌ని మనవాళ్ళు ఎర్ర గులాబీలుగా చూశారు. దాని లెక్క పూర్తిగా వేరు. ముసుగు లేదు, హంతకుడెవరో మనకి ముందే తెలుసు, శ్రీదేవి పాత్రకి ఎప్పుడు తెలుస్తుందా అన్నదే భయం. మీ కథ ఈ రెండిట్లో ఏ దారో స్క్రిప్టు దశలోనే తేల్చుకోండి. సగం సినిమా ముసుగు రహస్యంతో నడిపి, సగం నుంచి హంతకుడి ముఖం చూపిస్తే రెండు రకాల భయమూ దక్కదు.

ఇప్పుడు ఇల్లు. చిన్న సినిమా ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే. వంటింట్లోంచి పెరట్లోకి తలుపుందో లేదో చూసేవాడికి తెలియకపోతే, అమ్మాయి వంటింట్లోకి పరిగెత్తినప్పుడు వాడికి ఏమీ అనిపించదు. మొదటి 15 నిమిషాల్లో, హత్యల ఊసు లేకుండా, ఇల్లంతా తిప్పి చూపించాలి. పాటలా చూపించొద్దు, పని మీద తిప్పండి: సామాన్లు దింపుకోవడం, గదులు పంచుకోవడం, మోటారు స్విచ్ వెతకడం, మేడ మీద బట్టలు ఆరెయ్యడం. వెనక తలుపు గడియ బిగుసుకుపోయి రెండు చేతులతో లాగితే గానీ రాదని మొదట్లో నవ్వులాటగా చూపించండి. 60వ నిమిషంలో ఒక చెయ్యి తెగిన మనిషి ఆ గడియ దగ్గరికి వస్తే మీరు ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) కూడా వెయ్యనక్కర్లేదు. గచ్చు మీద సుద్దముక్కతో ప్లాను గీసుకుని, ఏ సీనులో ఎవరు ఎక్కడున్నారో, హంతకుడు ఎక్కడున్నాడో చింతగింజలు పెట్టి నడిపించి చూడండి. మేడ మీద ఉన్నవాడు పది సెకన్లలో గేటు దగ్గర ప్రత్యక్షమయ్యే తప్పులన్నీ ఆ చింతగింజల దగ్గరే బయటపడతాయి. ఎడిటింగులో బయటపడితే పాచ్ వర్కుకి, అంటే తక్కువైన షాట్లు తియ్యడానికి, మళ్ళీ బంగళా అద్దె కట్టాలి.

షెడ్యూలు లెక్క కుదరదు. స్క్రిప్టులో పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం. 80 పేజీలు, 15 రాత్రులు అంటే రాత్రికి 5 పేజీల పైచిలుకు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక్కో హత్య పేజీన్నర ఉన్నా 25, 30 షాట్లు పడుతుంది, అంటే ఒక రాత్రి మొత్తం. ఐదు హత్యలకి ఐదు రాత్రులు పోతే, మిగిలిన 10 రాత్రుల్లో 72 పేజీలు తియ్యాలి. చిన్న యూనిట్ రాత్రి పూట సరిగ్గా తియ్యగలిగేది 4 పేజీలు, పగలు 6. సైకోలో స్నానాలగది హత్య తెర మీద నిమిషం కూడా ఉండదు, దానికి హిచ్‌కాక్ ఏడు రోజులు తీసుకున్నాడు. మీకు ఏడు రోజులు లేవు కాబట్టి ఐదు హత్యల్లో రెండిటినే పూర్తిగా చూపించండి. ఒకటి తలుపవతల శబ్దంగా, ఒకటి అయిపోయాక కనబడే దృశ్యంగా, ఒకటి దూరం నుంచి ఒకే షాటులో పెట్టండి. మూడు రాత్రులు మిగులుతాయి. పైగా తలుపవతల హత్యే జనానికి గుర్తుంటుంది.

రాత్రి ఇంటి లోపల సీన్లని పగలే తీసెయ్యండి. కిటికీలకి బయటివైపు నల్లగుడ్డ రెండు మడతలు కట్టి, అంచులకి టేపు వేస్తే చాలు. చిక్కేమిటంటే చెన్నై ఎండకి ఆ గది పొయ్యిలా అయిపోతుంది. ఏసీ వేస్తే శబ్దం, ఆపితే మేకప్ కారుతుంది. టేకుకీ టేకుకీ మధ్య ఏసీ వెయ్యడం, 'సౌండ్' అనగానే ఆపడం ఒక కుర్రాడి పనిగా పెట్టండి. బయటి సీన్లకే నిజమైన రాత్రులు ఉంచుకోండి. సాయంసంధ్య వెలుగులో తీసేద్దాం అని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ అక్షాంశంలో చీకటి తొందరగా పడుతుంది, పొద్దుగుంకాక వాడుకోదగ్గ నీలి వెలుగు 20 నిమిషాల చిల్లర మాత్రమే ఉంటుంది. అంతలో రెండు షాట్లు వస్తే గొప్ప. నెలల్లో జనవరి చివర, ఫిబ్రవరి మంచివి. ఈశాన్య రుతుపవనాల వాన దాదాపు అయిపోయి ఉంటుంది, రాత్రులు ఇంకా పొడుగ్గానే ఉంటాయి. పరుగులు, పెనుగులాటలు, మెట్ల మీద పడటాలు అర్ధరాత్రి లోపే ముగించాలి. తెల్లవారుజాము మూడు దాటాక కాళ్ళు తడబడతాయి, దెబ్బలు తగిలేది అప్పుడే. రాత్రి కాల్‌షీట్ బత్తా పగటిదాని కన్నా ఎక్కువ అని మీ మేనేజరుకి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

చీకటి అంటే వెలుగు లేకపోవడం అనుకుని చాలామంది మునుగుతారు. కెమెరాకి చీకటి కూడా వెలిగించి ఇవ్వాల్సిందే. చీకట్లో తీసి డీఐలో (తర్వాత కంప్యూటర్లో రంగులు, వెలుగు సరిచేసేచోట) లేపుదాం అనుకుంటే నల్లటి చోట్లన్నీ చీమల బారులా కదులుతాయి, ఓటీటీ కంప్రెషన్‌లో అవి గళ్ళుగళ్ళుగా విరిగిపోతాయి. కిటికీ బయట ఎత్తులో ఒక 300 వాట్ల ఎల్ఈడీ, మనిషికి వెనక పక్కనుంచి పడేలా పెట్టండి. దాని వెలుగు రంగు 5600 కెల్విన్ అయితే కెమెరా వైట్ బ్యాలెన్స్‌ని 4300 దగ్గర పెట్టుకుంటే వెన్నెల నీలం సరిపడా వస్తుంది. ముఖం మామూలు కన్నా రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) తక్కువలో ఉంచండి, అంతకన్నా దించొద్దు. భుజాల అంచు మాత్రం వెలగాలి. ఫ్రేములో ఎక్కడో ఒక పసుపు బల్బు కూడా ఉండాలి, ఎందుకంటే ఒట్టి నీలంలో నెత్తురు తారులా నల్లగా కనబడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 24 ఫ్రేముల్లో తీస్తూ షట్టర్ 1/48 ఉంచితే ట్యూబులైటు దడదడలాడుతుంది, 1/50 పెట్టండి. పొగ మెషీన్ అద్దెకి డబ్బు లేకపోతే సాంబ్రాణి చాలు. తలుపులు మూసి, ఫ్యాను ఆపి, ధూపం వేసి రెండు నిమిషాలు పరుచుకోనివ్వండి. కాకపోతే ఒక షాటులో దట్టంగా, మరో షాటులో పలచగా వచ్చి కట్ దగ్గర దొరికిపోతుంది. అందుకే పొగ సీన్లని రెండే కోణాల్లో తియ్యండి.

నెత్తురు సంగతి. బేకరీ సామాను అమ్మేచోట లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది. అరకిలోకి 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు, ద్రవరూపంలో ఉండే ఎర్ర ఫుడ్ కలర్ రెండు చెంచాలు, ముందే నీళ్ళలో కలిపి వడకట్టిన కోకో పొడి ఒక చెంచా, నీలం రంగు రెండు చుక్కలు. కోకో వెయ్యకపోతే రోజ్ షర్బత్‌లా అవతలివైపు కనబడుతుంది. నీలం ఎక్కువైతే వంకాయ రంగు తేలుతుంది. మీ లైటు కింద, మీ కెమెరాలో పరీక్ష చెయ్యకుండా సెట్టుకి తేవద్దు. నోట్లోంచి కార్చేది విడిగా, ఆ రోజుదే కలపాలి. బట్టల మీద పోసేదాన్లో నాలుగు చుక్కల షాంపూ కలిపితే ఉతుక్కోవడం తేలిక, అది పొరపాటున కూడా నోటి సీసాలో కలవకూడదు. సముద్రపు తేమకి ఈ పాకం ఆరదు, బంకలా పట్టుకుంటుంది, గంటలో చీమలు వరస కడతాయి. శవంగా పడుకున్న నటుడి చెవి దగ్గర చీమ పాకితే ఆ టేకు పోయినట్టే, కాబట్టి శవం షాట్లు నెత్తురు పోసిన పది నిమిషాల్లో తియ్యాలి. మొజాయిక్ గచ్చు, సున్నం గోడలు రంగు పీల్చుకుంటే బంగళా అడ్వాన్సు మర్చిపోవచ్చు. ఫ్రేములో పడని చోటంతా ప్లాస్టిక్ పరవండి. చచ్చే ప్రతి పాత్రకీ ఒకే చొక్కా నాలుగు కావాలి: శుభ్రమైనది, తడిసినది, రీటేకుకి ఒకటి, పాచ్ వర్కుకి ఒకటి. టీనగర్‌లో ఒకేసారి కొనండి, వారం తర్వాత వెళితే ఆ రంగు దొరకదు.

కత్తులు మూడు. దగ్గర షాటుకి పదును పూర్తిగా అరగదీసిన ఇనప కత్తి, అది ఫ్రేములో ఉన్నప్పుడు ఎదురుగా మనిషి ఉండకూడదు. పెనుగులాటకి రబ్బరుది. దిగబడినట్టు చూపించడానికి సగం కోసేసినది. లోపలికి జారే బొమ్మ కత్తి మీద భరోసా పెట్టొద్దు, స్ప్రింగు ఇరుక్కుంటే మొన నిజంగానే గుచ్చుకుంటుంది. పోటు ఎప్పుడూ ఒంటి పక్కగా, ఒక జానెడు దూరంలో పోవాలి, మిగతాది కెమెరా కోణం చూసుకుంటుంది. ముసుగు వేసుకున్నవాడికి కిందివైపు కనబడదు కాబట్టి మెట్ల మీద వాడిని పరిగెత్తించకండి. పైగా నడిచే హంతకుడే భయంకరం. రబ్బరు ముసుగులో చెన్నై ఉక్కకి పావుగంట మించి ఉంచకూడదు. రెండు ముసుగులు చేయించి మార్చుకుంటూ ఉండండి.

ఇక నేను 3 లక్షలు అడిగిన చోటు. ప్రేక్షకుడు మసక బొమ్మని క్షమిస్తాడు, బోలుగా వినబడే మాటని క్షమించడు. మీ బంగళాలో మొదటి శత్రువు సముద్రమే. అలల హోరు ప్రతి షాటులో ఒక్కో స్థాయిలో ఉంటుంది, కట్ చేసిన ప్రతిచోటా హోరు ఎగిరి దూకుతుంది. కిటికీలు మూసి, మైకు మనిషికి దగ్గరగా పెట్టి, ప్రతి గదిలో ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఒట్టి గది శబ్దం పట్టండి. ఒడ్డు దగ్గర ఐదు నిమిషాల అలలు విడిగా రికార్డు చేసి సీను పొడుగునా కింద పరిస్తే ఎగుళ్ళు కప్పుకుపోతాయి. ఫ్రిజ్ ప్లగ్గు తీసినప్పుడు బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి, ఇంటికి బయల్దేరేటప్పుడు ప్లగ్గు సంగతి తప్పక గుర్తొస్తుంది. వాన పడిన రాత్రి కప్పలు మొదలైతే లొకేషన్ సౌండు ఆశ వదులుకోవాల్సిందే.

మాటలు వడపళని, సాలిగ్రామం వైపు స్టూడియోల్లో డబ్బింగ్ చెప్పించుకోవచ్చు, అక్కడ తెలుగు గొంతులకి కొదవ లేదు. కానీ రొప్పు, ఏడుపు మింగడం, నోరు మూసుకుని ఊపిరి బిగబట్టడం డబ్బింగులో రావు. ఏసీ గదిలో కుర్చీలో కూర్చున్న మనిషి రొప్పు వేరేగా ఉంటుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. అవి లొకేషన్లోనే, నటి నిజంగా రెండు చుట్లు పరిగెత్తి వచ్చిన వెంటనే పట్టాలి. కేకల టేకులు ఆ రోజు పని చివర్లో పెట్టండి, లేకపోతే మర్నాటికి గొంతు ఉండదు. ఎంత పెద్ద శబ్దాన్నైనా పట్టుకునే 32 బిట్ ఫ్లోట్ రికార్డరు దొరికితే కేక దగ్గర సౌండు పగిలే బెడద దాదాపు తీరుతుంది. దొరక్కపోతే ఒకే మైకుని రెండు చానళ్ళకి ఇచ్చి, రెండోది 12 డెసిబెల్స్ తగ్గించి పెట్టుకోండి. రాత్రి పూట కేకలంటే చుట్టుపక్కలవాళ్ళు పోలీసులకి ఫోన్ చేస్తారు. ముందురోజే స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి.

పోటు శబ్దానికి కోయంబేడు మార్కెట్టే మీ సౌండ్ లైబ్రరీ. గట్టి క్యాబేజీలో కత్తి దింపితే బట్ట, చర్మం తెగినట్టుంటుంది. సగం కోసిన పుచ్చకాయలో చెయ్యి పెట్టి తిప్పితే లోపలి తడి వస్తుంది. సైకోలో పోట్లకి వాడింది కూడా ఖర్బూజా జాతి పండే. ఎముకకి అమెరికావాళ్ళు సెలెరీ కాడ విరుస్తారు, మనకి లేత మునక్కాడ అంతకన్నా బాగా పలుకుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే ఇంకా పెళుసుగా విరుగుతుంది. పడిపోయిన మనిషికి నానబెట్టిన బరువు తువ్వాలుని గచ్చు మీద కొట్టండి. ఒర లేని వంటింటి కత్తి 'షింగ్'మని మోగడం మాత్రం వద్దు, ఆ ఒక్క శబ్దంతో సినిమా అంతా బొమ్మలాటైపోతుంది.

ఆర్ఆర్ తక్కువ వాడండి. కార్పెంటర్ హాలోవీన్‌కి తనే కట్టిన బాణీ పియానో మీద తిరిగి తిరిగి వచ్చే ఒక చిన్న పలుకు, ఐదు దెబ్బల నడక. మన తాళాల లెక్కలో ఖండం. నాలుగుకి అలవాటుపడిన చెవికి ప్రతి ఆవృతంలో కాలు ఒక అడుగు తడబడినట్టుంటుంది. ఆ పనికి ఖరీదైన ఆర్కెస్ట్రా అక్కర్లేదు. జంప్ స్కేర్లు (హఠాత్తుగా ఉలిక్కిపడేలా చేసేవి) సినిమా మొత్తానికి నాలుగు చాలు, అందులో ఒకటే ఉత్తుత్తిది. ప్రతి దెబ్బకి ముందు కనీసం ఐదారు సెకన్లు సంగీతం పూర్తిగా ఆగాలి. అలాగని ఆగిన ప్రతిసారీ దెబ్బ పడితే జనం చెవులు మూసుకుని కూర్చుంటారు, ఒక్కసారైనా సంగీతం ఆగి ఏమీ జరగకూడదు.

స్క్రిప్టులో ఈ జాతి సినిమా కుంగేది 25వ నిమిషం నుంచి 55 దాకా. మొదటి హత్య అయిపోయింది, మిగతావాళ్ళకి ఇంకా తెలియదు, ఏం చెయ్యాలో రాసేవాడికి తోచక ఒక పార్టీ సీనూ ఒక ప్రేమ సీనూ దూరుస్తాడు. ప్రేమించుకున్న జంట చస్తుంది, బుద్ధిమంతురాలు మిగులుతుంది అన్న లెక్క మరీ అరిగిపోయింది. చివరికి మిగిలే అమ్మాయికి సినిమాల మీద రాసే అమెరికా ప్రొఫెసర్ కారల్ క్లోవర్ 1987లోనే 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది, అంటే అది అప్పటికే సూత్రం. హంతకుడితో సంబంధం లేని ఒక గొడవ ఆ ఏడుగురి మధ్య పెట్టండి: చీటీ డబ్బు, పెళ్ళి మాట, ఉద్యోగం పోయిన సంగతి దాచడం. అప్పుడు ఒకడు గదిలోంచి విసురుగా ఒంటరిగా వెళ్ళిపోవడానికి కారణం దొరుకుతుంది. 'విడిపోయి వెతుకుదాం' అన్న మాట ఎవరి నోటా రాకూడదు.

ఈసీఆర్ మీద సిగ్నల్ లేదంటే ఎవడూ నమ్మడు. ఫోన్ పనిచెయ్యనివ్వండి. 112కి కాల్ వెళ్ళింది, బండి రావడానికి 25 నిమిషాలు అన్నారు. మీ చివరి అంకం ఆ 25 నిమిషాలే. లేదా చనిపోయినవాడి వాట్సాప్‌లో మెసేజికి నీలం టిక్కులు పడటం. దీనికి పైసా ఖర్చు లేదు.

మీ కథలో తమిళ వాచ్‌మన్ ఉన్నాడు, అతన్ని కేవలం అనుమానం కోసం వాడుకున్నారు. భాషని వాడుకోండి. 'ఉళ్ళ యారో ఇరుక్కాంగ' అంటాడతను, లోపల ఎవరో ఉన్నారని. విజయవాడ నుంచి అప్పుడే దిగిన కుర్రాడికి అది 'ఎవరో ఇరుక్కున్నారు' అని వినబడుతుంది. పాపం సాయం చేద్దామని వాడే వెళ్ళి తలుపు తీస్తాడు. చెన్నైలో ఉన్న తెలుగువాడికి ముందు నవ్వొస్తుంది, తలుపు సగం తెరుచుకునేసరికి ఆ నవ్వు ఆగుతుంది. ఇలాంటిది పెద్ద బడ్జెట్ సినిమాకి తట్టదు.

హంతకుడి కారణం చెప్పే ఎనిమిది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ తీసెయ్యండి. మన సినిమాల అలవాటు అది, న్యాయం చెబితే గానీ నిద్రపట్టదు. 'మతి చెడింది' అన్న కారణం అంతకన్నా నాసిరకం, నిజంగా జబ్బుతో బతికేవాళ్ళని అవమానించడం తప్ప భయం పుట్టదు. ఒక వస్తువు, ఒక ఫోటో, ఒక వాక్యం సరిపోతాయి.

సర్టిఫికెట్ గురించి షూటింగుకి ముందే ఆలోచించండి. థియేటరుకి సెన్సార్ తప్పదు, చెన్నైలోనే ప్రాంతీయ కార్యాలయం ఉంది. 2024 నియమాలతో యూఏ మూడు ముక్కలైంది: 7, 13, 16 ఏళ్ళు పైబడినవాళ్ళకి. 'ఏ' వస్తే టీవీలో వెయ్యడానికి లేదు, కోసి మళ్ళీ యూఏకి వెళ్ళాలి. అందుకని చూపించే రెండు హత్యల్లోనూ కత్తి దిగే ప్రతి షాటుకీ మెత్తని ప్రత్యామ్నాయం, నీడో చెయ్యో, అక్కడికక్కడే తీసిపెట్టుకోండి. షాటుకి పది నిమిషాలు పడుతుంది. కుక్కని చంపే సీను ఉందన్నారు. జంతువుని వాడితే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, కాగితాలకే వారాలు పడుతుంది. ఖాళీ గొలుసు, పక్కన తిరగబడిన గిన్నె చూపిస్తే చాలు.

రఫ్ కట్ (మొదటి ఎడిటింగు) అయ్యాక, ఆర్ఆర్ వెయ్యకముందే, సినిమావాళ్ళు కాని ఆరుగురిని కూర్చోబెట్టి చూపించండి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. మీరు పక్కన కూర్చుని వాళ్ళ చేతులు చూడండి. ఇద్దరు ఒకే నిమిషంలో ఫోన్ తీస్తే ఆ టైమ్‌కోడ్ రాసుకోండి. కోత అక్కడ పెట్టకండి, దానికి మూడు నిమిషాల ముందు సీను దగ్గర పెట్టండి.